విశాఖలో గజం ధర వెనుక అర్ధ శతాబ్దపు చట్టాలు

ఒకవైపు సముద్రం, మిగతా వైపుల కొండలు. అందుకే విశాఖపట్నంలో ఇళ్ల ధరలు మండిపోతున్నాయని చాలామంది చెబుతారు. అది సగం నిజం మాత్రమే. ఉన్న నేలలోనూ ఓడరేవు, నౌకాదళం, ఉక్కు కర్మాగారం తీసుకున్నవి పోగా, మిగిలినదానిలో చట్టబద్ధంగా కట్టి అమ్మదగిన స్థలం ఎంతో తేలుస్తున్నవి నిబంధనలే.

1976 నాటి పట్టణ భూపరిమితి చట్టం మిగులు ఖాళీ స్థలాలను సేకరించి ఇళ్లకు ఇవ్వాలన్న ఆశయంతో వచ్చినా, మినహాయింపుల దరఖాస్తులు, కోర్టు వ్యాజ్యాల మధ్య భూములు ఏళ్ల తరబడి ఎవరికీ అందలేదు. కేంద్రం 1999లో దాన్ని రద్దు చేయగా, ఆంధ్రప్రదేశ్‌లో ఆ రద్దు 2008లో గానీ అమల్లోకి రాలేదు. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డి-పట్టా (అసైన్డ్) భూముల అమ్మకాన్ని నిషేధించిన 1977 చట్టం పేద రైతుకు రక్షణ కాబట్టి దాన్ని ఇదే గాటన కట్టడం న్యాయం కాదు. సముద్ర తీరానికి దగ్గర్లో నిర్మాణాలను కట్టడి చేసే తీరప్రాంత నియంత్రణ 1991లో మొదలైంది.

అన్నిటికన్నా చిక్కుముడి సింహాచలం పంచగ్రామాలది. అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లిలలో దేవస్థానం హక్కుల వివాదం వల్ల భూములు రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో చేరి, దశాబ్దాలుగా కాపురముంటున్న వారికి సైతం రిజిస్ట్రేషన్, ప్లాన్ అనుమతి, బ్యాంకు రుణం అందని పరిస్థితి వచ్చింది. పై అంతస్తు వేసుకోలేని ఇళ్లు అలాగే మిగిలిపోతాయి. కాగితాలు సరిగా ఉన్న స్థలం కావాలనుకునేవారు మధురవాడ, ఎండాడ వైపు మళ్లుతారు, అక్కడి ధరలో నేల విలువతో పాటు ఆ కాగితాల విలువా కలుస్తుంది.

2006 నుంచి రాష్ట్రంలో భవనం ఎత్తును ప్రధానంగా రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లే (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ) నిర్ణయిస్తున్నాయి. 2017 నిబంధనలూ అదే పద్ధతిని కొనసాగించాయి. దాంతో పాతనగరపు ఇరుకు సందుల్లో ఎక్కువ ఫ్లాట్లు కట్టే వీలు లేదు, వెడల్పాటి రోడ్డు పక్కనున్న పెద్ద స్థలానికే గిరాకీ. విమానాశ్రయం వల్ల వచ్చిన ఎత్తు పరిమితులు దీనికి అదనం.

నగరం అంచుల్లో, ఏ నేలను దేనికి వాడాలో చెప్పే మాస్టర్ ప్లాన్‌దే పెత్తనం. ఒక సర్వే నంబరు వ్యవసాయ జోన్‌లో పడిందా, నివాస జోన్‌లో పడిందా అన్నదాన్ని బట్టే దాని ధర పలుకుతుంది. నివాస జోన్‌లో స్థలం కొనే స్థోమత లేనివారు అనుమతి లేని లేఅవుట్లలో చౌకగా కొని, తర్వాత క్రమబద్ధీకరణ కోసం బారులు తీరారు. 2020 పథకంలో, లేఅవుట్‌లో వదలాల్సిన ఖాళీ స్థలానికి బదులుగా వారు ప్లాటు విలువలో కొంత శాతం చెల్లించాల్సి వచ్చింది.