మధుమేహంలో శుక్రకణాలకు జరిగే హాని: యాంటీ ఆక్సిడెంట్ మాత్రల మీద ఆశ ఎలా పుట్టింది?

మధుమేహం ఉన్న మగవారిలో అంగస్తంభన తగ్గుతుందని స్కాటిష్ వైద్యుడు జాన్ రోలో 1798లోనే రాశారు. ఆ తర్వాత చాలాకాలం చర్చంతా నరాలు, రక్తనాళాల చుట్టూనే నడిచింది. శుక్రకణాల సంగతి వేరే దారిలో బయటపడింది. ఆక్సిజన్ ఎక్కువైతే అవి కదలిక కోల్పోతాయని శాస్త్రవేత్త జాన్ మెక్‌లియోడ్ 1943లో చూపారు.

కారణం శుక్రకణం నిర్మాణంలోనే ఉంది. దాని పైపొర నిండా తేలిగ్గా ఆక్సీకరణ చెందే కొవ్వు ఆమ్లాలు. కాపాడే ఎంజైములు ఉండాల్సిన కణద్రవ్యం మాత్రం బహు తక్కువ. షుగర్ పెరిగి ఫ్రీ రాడికల్స్ (చుట్టూ ఉన్నవాటిని ఆక్సీకరణ చెందించి దెబ్బతీసే అణువులు) ఎక్కువైతే డీఎన్‌ఏ తెగుతుంది, తెగినదాన్ని అతికించుకునే శక్తి శుక్రకణానికి దాదాపు ఉండదు.

2007లో బెల్‌ఫాస్ట్ పరిశోధకులు 27 మంది మధుమేహుల వీర్యాన్ని 29 మంది ఇతరుల వీర్యంతో పోల్చారు. పరిమాణం కాస్త తగ్గింది (2.6 మి.లీ., ఇతరుల్లో 3.3). కణాల సంఖ్య, కదలిక, ఆకారం మామూలుగానే ఉన్నాయి. డీఎన్‌ఏ ముక్కలు మాత్రం 53 శాతం, ఇతరుల్లో 32. రిపోర్టు నార్మల్ అని వచ్చాక కూడా దంపతులు ఏళ్ల తరబడి బాధపడటానికి ఇదొక కారణం కావచ్చు. మామూలు వీర్య పరీక్షలో ఇది కనిపించదు.

ఫ్రీ రాడికల్స్‌ను అడ్డుకునేవే యాంటీ ఆక్సిడెంట్లు. ఎలుకలకు స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనంతో మధుమేహం తెప్పించి విటమిన్ సి, ఇ, మెలటోనిన్ లాంటి యాంటీ ఆక్సిడెంట్లు ఇస్తే వృషణాలకు హాని తగ్గింది. మాత్రల మీద ఆశ పెరగడానికి ఈ ఫలితాలూ తోడ్పడ్డాయి. మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆ ఆశ నిలవలేదు. సంతానలేమి ఉన్న మగవారి మీద జరిపి, 2020లో వెలువరించిన మాక్సీ (MOXI) అనే ప్రయోగంలో విటమిన్ ఇ 400, సి 500, కార్నిటైన్ 1000 మి.గ్రా. సహా ఏడు పదార్థాలను కనీసం మూడు నెలలు ఇచ్చినా కదలికా మెరుగుపడలేదు, డీఎన్‌ఏ ముక్కలూ తగ్గలేదు. అది మధుమేహుల కోసమే చేసింది కాదన్నది నిజమే. అయినా ఎడాపెడా మింగడం మంచిది కాదు, ఎందుకంటే అండాన్ని చేరి ఫలదీకరణ జరపడానికి శుక్రకణానికి కొద్దిపాటి ఫ్రీ రాడికల్స్ కావాలి.

ముందు షుగర్ అదుపులోకి రావాలి. కొత్త శుక్రకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది, అందుకే మళ్లీ పరీక్ష మూడు నెలలు గడిచాకే. వీర్యం మరీ తక్కువగా వస్తుంటే స్ఖలనం తర్వాతి మూత్రాన్ని పరీక్షించాలి, నరాలు దెబ్బతిని వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి వెళ్తుండొచ్చు. టెస్టోస్టిరాన్ తక్కువని తేలినా, పిల్లలు కావాలనుకునేవారు ఆ ఇంజెక్షన్ తీసుకోవద్దు: బయటి హార్మోను అందగానే మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథి నుంచి వృషణాలకు వెళ్లే సంకేతాలు ఆగి, శుక్రకణాల ఉత్పత్తి కొందరిలో పూర్తిగా నిలిచిపోతుంది.