ముందే ఆ దేశం వెళ్లి కూర్చుంటే పోస్ట్‌డాక్ వస్తుందా? మైగ్రేషన్ స్టడీస్‌లో అపోహలు - వాస్తవాలు

మొన్న మళ్లీ అదే ఫోన్. "అక్కా, పీహెచ్‌డీ అయిపోయింది, శరణార్థుల మీదే చేశా, ముందు ఏదో ఒక చిన్న ఉద్యోగంతో యూరప్ వెళ్లిపోతే అక్కడ ప్రొఫెసర్లని కలిసి ఫెలోషిప్ కొట్టేయడం ఈజీ అంట కదా" అని. ఈ "అంట" దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరన్నారు అని అడిగితే పేరు చెప్పరు, గ్రూపులో ఎవరో పెట్టారంటారు. మైగ్రేషన్ (వలసలు), డిస్‌ప్లేస్‌మెంట్ (ఉన్నచోటు వదలాల్సి రావడం) మీద రెండు పోస్ట్‌డాక్‌లు, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే రీసెర్చ్ ఉద్యోగాలు, చేశా, ఇప్పుడు నా టైంలో సగం జూనియర్ల ప్రపోజల్స్ దిద్దడానికే పోతోంది. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: ముందే ఆ దేశం వెళ్లిపోతే ఫెలోషిప్ ఛాన్స్ పెరుగుతుంది.

వాస్తవం: యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్ విషయంలో పూర్తిగా రివర్స్. అక్కడ మొబిలిటీ రూల్ అని ఒకటుంది. డెడ్‌లైన్‌కి ముందు 36 నెలలు తీసుకుంటారు, అందులో 12 నెలలకి మించి హోస్ట్ దేశంలో, అంటే ఫెలోషిప్ చేయబోయే దేశంలో, నివాసం ఉన్నా, ఉద్యోగమో చదువో మీ ప్రధాన పని అక్కడ చేసినా అనర్హులే, ఇక ప్రపోజల్ ఎంత బాగుంటే ఏం లాభం. ఏకధాటిగా ఉండక్కర్లేదు, ముక్కలుముక్కలుగా ఉన్నవి కూడా కలుపుతారు. నివాసం "లేదా" పని అన్నారు చూడండి, పక్క దేశంలో ఇల్లు తీసుకుని రోజూ బోర్డర్ దాటొచ్చి పని చేసినా లెక్కలోకే వస్తుంది. పైగా ఇది దేశానికి పెట్టిన రూల్, యూనివర్సిటీకి కాదు, "నేను పనిచేసింది వేరే ఊళ్లో మేడం, అప్లై చేస్తోంది వేరే యూనివర్సిటీకి" అంటే కుదరదు.

ఒకమ్మాయి ఉంది, తన ప్రపోజల్ చదువుతుంటే నాకే అసూయ పుట్టింది. డ్యామ్ కింద ఊరు మునిగిపోయి ఒకసారి కదిలిన కుటుంబాలు ఆ తర్వాత మళ్లీ మళ్లీ ఎందుకు కదలాల్సొస్తుంది అన్నది టాపిక్. హోస్ట్ ప్రొఫెసర్ కూడా ఓకే అన్నాడు. డెడ్‌లైన్‌కి మూడు వారాల ముందు సీవీ పంపింది, చూస్తే అదే దేశంలో 14 నెలలుగా రీసెర్చ్ అసిస్టెంట్! ముందు వెళ్తే పరిచయాలు పెరుగుతాయని ఎవరో చెప్తే వెళ్లిందట. పరిచయాలు పెరిగిన మాట నిజమే, ఆ హోస్ట్ దొరికింది కూడా వాటివల్లే, అర్హత మాత్రం పోయింది. పోనీ వచ్చే ఏడాది చూద్దామంటే అప్పటికీ ఆ 14 నెలలూ 36 నెలల లెక్క లోపలే ఉంటాయి. ఆ రోజే పెట్టె సర్దుకుని వచ్చేసినా, రెండేళ్ల తర్వాత డెడ్‌లైన్‌కి గానీ ఆ లెక్క 12కి దిగదు. క్యాలెండర్ ముందేసుకుని నేను ఇదంతా చెప్తుంటే అవతల చప్పుడు లేదు. ఆ పిల్ల తప్పేముంది చెప్పండి, ఉద్యోగం లేని రీసెర్చర్‌కి 14 నెలల జీతం చేదా? నా కోపమంతా ఆ సలహా ఇచ్చిన మహానుభావుడి మీద.

దీనికి మినహాయింపులు కూడా ఉన్నాయి. సెలవులకి వెళ్లొచ్చిన రోజులు, తప్పనిసరి మిలిటరీ సర్వీస్, జెనీవా కన్వెన్షన్ (శరణార్థుల మీద 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం) కింద శరణార్థి హోదా కోసం ఎదురుచూసిన కాలం, ఇవేవీ లెక్కించరు. హోదా చేతికొచ్చాక గడిపింది మాత్రం లెక్కే. శరణార్థులుగా వచ్చి ఈ ఫీల్డ్‌లో రీసెర్చర్లయినవాళ్లు నాకు తెలిసే ఉన్నారు, ఈ మినహాయింపు ఉందని తెలియక "మాకెలాగూ రాదు" అని అప్లై చేయడమే మానేసిన మనిషిని చూశా. దయచేసి భయపడి ఆగిపోకండి, తేదీలు కాగితం మీద రాసి లెక్కేసుకోండి, అనుమానం ఉంటే హోస్ట్ యూనివర్సిటీ గ్రాంట్స్ ఆఫీస్‌ని అడగండి, అది వాళ్ల పనే.

ఇదంతా ఫెలోషిప్ సంగతి, అంటే ఐడియా మీది, చోటు వాళ్లది. ప్రొఫెసర్ తన గ్రాంట్ మీద యాడ్ వేసి తీసుకునే పోస్ట్‌డాక్‌కి మామూలుగా ఈ గొడవ ఉండదు, అక్కడికి ముందే వెళ్లి ఉండటం నిజంగానే కలిసొస్తుంది. ఈ రెండిటినీ కలిపి చెప్పేయడం వల్లే ఈ రూమర్ పుట్టిందని నా అనుమానం. జర్మనీ హంబోల్ట్ ఫెలోషిప్‌ది ఇంకో లెక్క, దానికి అసలు డెడ్‌లైనే లేదు, ఏడాది పొడుగునా అప్లై చేసుకోవచ్చు. కాబట్టి ఒకదాని రూల్ ఇంకోదానికి అతికించకండి, అప్లై చేసేవాళ్ల కోసం వేసే ఆ ఏడాది గైడ్ తెరిచి చదవండి. గైడ్ బోర్ అంటారు గానీ వంద మెసేజ్‌లు మాత్రం ఓపిగ్గా చదువుతారు!

అపోహ: డిస్‌ప్లేస్‌మెంట్ అంటే శరణార్థులే.

వాస్తవం: 2024 చివరికి ప్రపంచంలో శరణార్థులు సుమారు 4 కోట్ల 27 లక్షలు, సొంత దేశంలోనే నిర్వాసితులైనవాళ్లు 8 కోట్ల 34 లక్షలు. నా దగ్గరకొచ్చే ప్రపోజల్స్ చూస్తే మాత్రం తిరగబడి ఉంటుంది, పదింట్లో ఎనిమిది బోర్డర్ దాటినవాళ్ల మీదే. ఇంకోటి, "క్లైమేట్ రెఫ్యూజీ" అన్న మాట టైటిల్‌లో పెట్టేముందు ఆలోచించండి. పైన చెప్పిన 1951 జెనీవా కన్వెన్షన్ చెప్పేది జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఫలానా సామాజిక వర్గం అన్న కారణాలతో వేధింపు భయం గురించి, వరదకీ కరువుకీ అందులో చోటు లేదు. ప్రపోజల్స్‌కి మార్కులేసే ప్యానెల్‌లో ఒక్క లాయర్ ఉంటే చాలు, మొదటి పేజీలోనే పట్టుకుంటారు.

అపోహ: పీహెచ్‌డీ మైగ్రేషన్ స్టడీస్‌లోనే ఉండాలి. అక్కర్లేదు. 1982లో ఆక్స్‌ఫర్డ్‌లో రెఫ్యూజీ స్టడీస్ సెంటర్ పెట్టిన బార్బరా హారెల్-బాండ్ ఆంత్రోపాలజిస్ట్. లా, జాగ్రఫీ, హిస్టరీ, పబ్లిక్ హెల్త్, అన్నిచోట్ల నుంచీ వస్తారు.

అపోహ: బ్రిటన్‌లోని కారా సంస్థ, జర్మనీలోని ఫిలిప్ ష్వార్ట్స్ ఫెలోషిప్ లాంటివి ఇంకో షార్ట్‌కట్. కావండీ. కారా 1933లో నాజీల నుంచి పారిపోతున్న ప్రొఫెసర్ల కోసం పుట్టింది, ఇప్పటికీ ప్రమాదంలో ఉన్న స్కాలర్ల కోసమే. ఫిలిప్ ష్వార్ట్స్‌కైతే మీరు కాదు, మిమ్మల్ని తీసుకునే జర్మన్ సంస్థ అప్లై చేయాలి. ఆ దారి నిజంగా అవసరమైనవాళ్లకి వదిలేయండి.

డబ్బు కడితే హోస్ట్‌ని వెతికిపెడతాం అనేవాళ్ల గురించి రాయడానికి కూడా ఓపిక లేదు. కట్టొద్దు.

ఆ ఫోన్ చేసినబ్బాయి నిన్న మెసేజ్ పెట్టాడు. నెదర్లాండ్స్‌లో ఏడాదిన్నర ఉద్యోగం దొరికేలా ఉందంట, అది వదులుకోనక్కా, ఫెలోషిప్‌కి హోస్ట్‌ని డెన్మార్క్‌లో చూసుకుంటా అన్నాడు. భేషుగ్గా చూసుకో అన్నా. మధ్యలో డెన్మార్క్‌లో ఎప్పుడైనా ఉన్నావా అని అడిగితే, మాస్టర్స్ తర్వాత కొన్నాళ్లున్నా, ఎప్పుడో గుర్తులేదు అన్నాడు. ఆ తేదీలు పంపమన్నా, ఇంకా పంపలేదు.