మాయలోకంలో మామూలు బతుకులు: అపోహలు - వాస్తవాలు

మంత్రాలు పనిచేసే లోకంలో కుండలు చేసేవాళ్లు, బట్టలు నేసేవాళ్లు, అప్పులు తీర్చుకునేవాళ్లు ఎలా బతుకుతారన్నదే నేను రాసే కథల సరుకు. వాటిలో రాజకుమారుడు సాహసానికి బయల్దేరడు, రాకుమారిని ఎవరూ ఎత్తుకుపోరు. ఇలాంటివి రాస్తానని చెప్పగానే చదివేవాళ్లూ, కొత్తగా రాయాలనుకునేవాళ్లూ కొన్ని మాటలే తిప్పితిప్పి అంటుంటారు. మంచి కథలు పుట్టకముందే ఆగిపోవడానికి ఆ మాటలూ ఒక కారణమని నా నమ్మకం.

అపోహ: మాయ ఉన్నచోట పని ఉండదు. పనే లేనప్పుడు మామూలు మనిషికి కథ ఏముంటుంది?

వాస్తవం: మాయ పనిని పోగొట్టదు, ఒకరి చేతిలోంచి తీసి ఇంకొకరి చేతిలో పెడుతుంది. ఒక నేతింటినే తీసుకోండి. మంత్రం వేస్తే నాడె దానంతటదే అటూ ఇటూ పరుగెత్తే మగ్గం ఉందనుకుందాం. నేసేవాడి చేతులు ఖాళీ అయ్యాయి, బాగుంది. కానీ మగ్గం మూడింతల వేగంతో నడిస్తే నాడెలో పెట్టే నూలు కండెలూ మూడింతలు కావాలి. వాటిని చుట్టేది ఎవరు? రాట్నం ముందు కూర్చునే ఇంటి ఆడవాళ్లు. నిన్నటిదాకా మధ్యాహ్నానికల్లా లేచే అత్తగారు ఇవాళ దీపాలు పెట్టాక కూడా లేవలేదు. పడుగులో, అంటే నిలువు దారాల్లో, పోగు తెగితే మంత్రానికి తెలుస్తుందా? తెలియదంటే తెగిన దగ్గర్నుంచి బట్ట చెడిపోతూనే ఉంటుంది, నేతగాడు పక్కన కాపలా కూర్చోక తప్పదు. మరమగ్గాలున్న ఊళ్లలో చూడండి. నేసేది మోటారే, అయినా మనిషి మగ్గాల మధ్య తిరుగుతూ పోగులు అతుకుతూనే ఉంటాడు. ఇక చీరలు ఎక్కువై ధర పడిపోయిందనుకోండి, మంత్రం కొనడానికి చేసిన అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

అక్షయపాత్ర సంగతీ ఇంతే. సూర్యుడు ధర్మరాజుకిచ్చిన ఆ పాత్ర ఎంతమందికైనా పెడుతుంది, కానీ ద్రౌపది తిన్నాక ఆ రోజుకిక పెట్టదు. అంటే అందరూ తినేదాకా ఆవిడ ఆగాల్సిందే. దూర్వాసుడు శిష్యులందరితో దిగేసరికి ఆవిడ తినేసింది, గిన్నె కూడా కడిగేసింది. అంచుకు అంటుకుని మిగిలిన కాస్త ఆకుకూర మీద ఆ గండమంతా గట్టెక్కింది. ఎంత తోమినా గిన్నె అంచున ఏదో ఒకటి ఉండిపోతుందని తెలిసిన మనిషికే ఈ ఊహ తడుతుంది. మాయకు ఒక వంటింటి హద్దు పెట్టడంవల్లే అక్కడ కథ పుట్టింది.

అపోహ: ఇది ఈమధ్య ఇంగ్లీషు నుంచి వచ్చిన ఫ్యాషన్. మన దగ్గర మాయలంటే రాజులూ మాంత్రికులే.

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే మనకున్నంత ఆస్తి చాలామందికి లేదు. పద్దెనిమిదో శతాబ్దిలో అయ్యలరాజు నారాయణామాత్యుడు రాసిన హంసవింశతిలో కథ చెప్పేది మాట్లాడే హంస. ఇరవై రాత్రులు అది హేమావతి అనే ఇల్లాలికి కథలు చెబుతుంది. ఆ కథల్లో ఉన్నది చేతివృత్తులవాళ్లు, వాళ్ల పనిముట్లు, ఇంటి సామాను, పిల్లల ఆటలు. ఆడవాళ్ల గురించి ఆ కావ్యం చూపు నాకు నచ్చదు, కానీ ఒక వృత్తిలో ఏ పనిముట్లు ఉంటాయో ఇంత ఇష్టంగా పేర్లు పెట్టి చెప్పిన కవులు తక్కువ. పదిహేనో శతాబ్దిలో కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికలో మాట్లాడేవి సింహాసనం మీది బొమ్మలు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర అచ్చువేసినప్పుడు, జనం ఏం తిన్నారు, ఏం ఆడారు, ఏం కట్టుకున్నారు అని వెతుకుతూ ఆశ్రయించింది ఇలాంటి కావ్యాలనే. బొమ్మలూ పక్షులూ మాట్లాడే కథల్లో ఆయనకు జనం బతుకు దొరికింది.

తోలుబొమ్మలాట చూసినవాళ్లకు ఇది మరీ బాగా తెలుసు. తెర మీద రామాయణం నడుస్తుంటుంది, మధ్యలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క అనే నవ్వించే బొమ్మలు వచ్చి తమ గొడవేదో తాము పడి పోతారు. 1951 నాటి పాతాళభైరవిలో తోటరాముడు కూడా తోటమాలి కొడుకే.

అపోహ: రాక్షసుడో యుద్ధమో లేకపోతే కథ నడవదు.

వాస్తవం: మాయ చేతిలో ఉన్న ఇద్దరు మంచివాళ్ల మధ్య తగువు చాలు. నా కథల్లో ఒక ఊళ్లో గాలిని పిలవగల సూరమ్మ ఉంది. కల్లంలో తూర్పార పట్టే రోజు గాలి పడిపోతే ఆమెకు కబురు పెడతారు. రాశికి రెండు చేటల గింజలు ఆమె కూలి. ఒకరోజు ఆమె పిలిచిన గాలికి తాలూ దుమ్మూ లేచి, పక్కింటి నాగమణి నులకమంచం మీద చీర పరిచి పెట్టుకున్న గుమ్మడి వడియాల మీద పడుతుంది. అవి అప్పుడే పెట్టిన పచ్చివి, దులిపితే పోయేది కాదు.

"గాలి నీది, తాలు వాళ్లది, వడియాలు మాత్రం నావా సూరమ్మత్తా?" అని నాగమణి నిలదీస్తుంది. కల్లం ఆసామి, నేను గాలినడిగాను గానీ దిక్కు చెప్పలేదు కదమ్మా అంటాడు. దిక్కు కూడా చూసి పిలవాలంటే ఇంకో చేట అవుతుందని ముందే చెప్పానుగా అంటుంది సూరమ్మ. ఎవరి మాటా తప్పు కాదు. ఈ తగువు తీరేలోపు ఎవరికి ఎవరు బాకీనో, అంత శక్తి ఉన్న సూరమ్మ ఇంకా కూలికి ఎందుకు వెళుతోందో పాఠకులకు ఎవరూ విడమరచకుండానే తెలిసిపోతుంది.

జపాన్ రచయిత్రి ఎయికో కదొనో 1985లో ఇలాంటి నవలే ఒకటి పిల్లల కోసం రాశారు. అందులో పదమూడేళ్ల మంత్రగత్తె కొత్త ఊరికి వెళ్లి, చీపురు మీద ఎగురుతూ సామాన్లు చేరవేసి బతుకుతుంది. విలన్ లేడు. కొత్త ఊళ్లో పని దొరుకుతుందా, జనం తనను తమలో కలుపుకుంటారా అన్నదే ఉత్కంఠ. కదొనోకు 2018లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం వచ్చింది.

అపోహ: ఇదంతా పలాయనం.

వాస్తవం: హాయిగా పారిపోవడానికి రాసినవీ ఉన్నాయి, అవీ నేను ఇష్టంగానే చదువుతాను. కానీ మన ఊరి కూలి తగువు రాస్తే పాఠకుడు మొదటి పేరాలోనే ఎవరి పక్షమో తేల్చుకుని కూర్చుంటాడు. సూరమ్మ కూలి విషయంలో అతనికి ముందే తయారైన పక్షం లేదు. రెండు వైపులా వింటాడు. నేను ఈ దారి పట్టడానికి అదే ముఖ్య కారణం.

అపోహ: ఫాంటసీ అంటే గ్రాంథికంలో రాయాలి.

వాస్తవం: అక్కర్లేదు. 1947లో మొదలైన చందమామను 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దిద్దింది కొడవటిగంటి కుటుంబరావు. పిశాచాలూ బేతాళుడూ తిరిగే ఆ పేజీల్లో ఎనిమిదేళ్ల పిల్ల కూడా ఆగకుండా చదివేసే తెలుగు ఉండేది. కావలసింది పనివాళ్ల మాటలు. నేతింటి కథకు పడుగు, పేక, అచ్చు, ఆసు లాంటి నేతపని మాటలు తెలియాలి. అవి డిక్షనరీలో కంటే మగ్గం పక్కన గంట కూర్చుంటే బాగా వస్తాయి.

అపోహ: ముందు మాయ నియమాలన్నీ రాసిపెట్టుకుని, ఆ తర్వాతే కథలోకి దిగాలి.

వాస్తవం: మీ నోట్‌బుక్‌లో రాసుకోండి, నేనూ రాసుకుంటాను. కానీ కథలో ఉన్నవాళ్లకు నియమాలు పాఠంగా తెలియవు. పెద్దవాళ్ల కేకలుగా, వద్దులుగా, సామెతలుగా తెలుస్తాయి. "సూరమ్మ వస్తోంది, పొయ్యి ఆర్పవే" అని అత్త కోడలిని కేకేస్తే చాలు, ఆ ఊళ్లో ఇదివరకు ఇల్లు కాలిందని వేరే చెప్పనక్కర్లేదు. గాలి ఎంత దూరం వస్తుంది, ఎంతసేపు ఉంటుంది అని రెండు పేజీలు వివరిస్తే పాఠకులు ఆ రెండు పేజీలూ తిప్పేస్తారు.

కొత్తగా రాసేవాళ్లు ఒక్క మంత్రం, ఒక్క ఇల్లు తీసుకుని ఆ ఇంట్లో ఒక రోజు రాసి చూడండి. పొద్దున నీళ్లు ఎవరు తెచ్చారు, మంత్రం ఎవరికి వచ్చు, రానివాళ్లకు ఆ ఇంట్లో మాట చెల్లుతుందా, అది నేర్చుకోవడానికి ఎవరికి ఎంత ఇచ్చుకున్నారు, జ్వరం వచ్చిన రోజు కూడా మంత్రం పనిచేస్తుందా. ఈ ప్రశ్నల్లో ఒకదానికి ఇంట్లో ఇద్దరు రెండు రకాల జవాబులు చెప్పారంటే, కథ అక్కణ్నుంచి మొదలుపెట్టండి.