డాష్‌బోర్డు లెక్క, గల్లాపెట్టె లెక్క: డిజిటల్ మార్కెటింగ్‌లో అపోహలు - వాస్తవాలు

చిన్న వ్యాపారాలకు గూగుల్, మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టా) యాడ్స్ నడపడం నా పని. పచ్చళ్లు, చీరలు, పళ్ల డాక్టర్లు, ఒకట్రెండు కోచింగ్ సెంటర్లు. కొత్త క్లయింటు ఎవరొచ్చినా ముందు అడిగేది ఒక్కటే: పోయిన నెల కొరియర్‌కి ఇచ్చిన పార్సిళ్ల లిస్టు. చాలామంది ముఖం అదోలా పెడతారు. "డాష్‌బోర్డు లాగిన్ ఇస్తాం కదండీ, లిస్టెందుకు?" అంటారు.

అపోహ: మంచి డేటా ప్లాట్‌ఫారం పెట్టుకుంటే ఏ యాడ్ వల్ల ఎన్ని ఆర్డర్లొచ్చాయో అదే చెప్తుంది.

వాస్తవం: ప్రతి ప్లాట్‌ఫారం తన గొప్ప తను చెప్పుకుంటుంది. గుంటూరు వైపు ఒక పచ్చళ్ల వ్యాపారం పోయిన వేసవిలో నా చేతికొచ్చింది. నడిపేది ఒక పెద్దావిడ, ఆన్‌లైన్ వ్యవహారం కొడుకు చూస్తాడు. అతను నెలనెలా చందా కట్టి ఒక అనలిటిక్స్ ప్లాట్‌ఫారం (యాడ్ల లెక్కలన్నీ ఒకచోట చూపించే సాఫ్ట్‌వేర్) తీసుకున్నాడు. అంకెలు గుండ్రంగా చెప్తాను. ఆ వారం గూగుల్ ఖాతాలో 60 ఆర్డర్లు, మెటా ఖాతాలో 70. ప్లాట్‌ఫారం రెండూ కూడేసి 130 అని పచ్చరంగులో చూపిస్తోంది. పార్సిళ్ల లిస్టులో ఉన్నవి 90.

మిగతా 40 ఎక్కడివి? ఎవరూ దొంగలెక్క రాయలేదు. ఒకావిడ సోమవారం ఇన్‌స్టాలో గోంగూర యాడ్ నొక్కింది, కొనలేదు. బుధవారం గూగుల్లో షాపు పేరు కొట్టి, పైన కనిపించిన యాడ్ నొక్కి కొంది. క్లిక్ చేసిన 7 రోజుల్లోపు, చూసిన 1 రోజులోపు జరిగిన కొనుగోలును మెటా మామూలుగా తన ఖాతాలో వేసుకుంటుంది. గూగుల్ యాడ్స్‌లో ముందే పెట్టి ఉండే గడువు క్లిక్ తర్వాత 30 రోజులు. డబ్బా ఒకటే, హక్కుదారులు ఇద్దరు. దీనికి తోడు, ఆర్డర్ నంబర్ చూసుకోడానికి కస్టమర్, కొన్నాక వచ్చే థాంక్యూ పేజీ మళ్లీ తెరిచినప్పుడల్లా లెక్కలో ఇంకో ఆర్డర్ పడుతోంది. ఆ పేజీలో ఆర్డర్లు లెక్కపెట్టే చిన్న కోడ్ (ట్యాగ్)లో ఆర్డర్ ఐడీ పంపకపోవడమే కారణం. అది సరిచేయడం అరగంట పని.

అసలు దెబ్బ వేరే ఉంది. ఆ 90లో సగానికి పైగా క్యాష్ ఆన్ డెలివరీ. 15 దాకా తిరిగొచ్చాయి. చీర తిరిగొస్తే మడతపెట్టి మళ్లీ అమ్ముకోవచ్చు. మూత వదులై నూనె కారిన ఆవకాయ డబ్బాని ఏం చేస్తాం? రానూపోనూ కొరియర్ ఖర్చు అదనం. ఈ ఆర్టీఓల (రిటర్న్ టు ఆరిజిన్, అంటే తిరిగొచ్చిన పార్సిళ్ల) సంగతి యాడ్లు చూపించే ప్లాట్‌ఫారానికి ఎవరూ చెప్పలేదు. ఆర్డర్ నొక్కినవాడల్లా దానికి మంచి కస్టమరే, కొరియర్ అబ్బాయి ఫోన్ ఎత్తనివాడు కూడా. అలాంటివాళ్లనే ఇంకా వెతికి తెచ్చింది. పాపం దాని తప్పేముంది, మనం నేర్పిందే నేర్చుకుంది.

ఇప్పుడు ఆర్డర్‌తో పాటు క్లిక్ ఐడీ (ఏ యాడ్ క్లిక్కు నుంచి వచ్చిందో చెప్పే గుర్తు) కూడా దాచి, ప్రతి సోమవారం డెలివరీ అయిన ఆర్డర్ల ఫైలు మాత్రమే తిరిగి ఆ యాడ్ ప్లాట్‌ఫారానికి అప్‌లోడ్ చేస్తున్నాం. డాష్‌బోర్డులో అమ్మకాలు తగ్గినట్టు కనిపించేసరికి మొదటి రెండు వారాలూ కొడుక్కి ఒకటే టెన్షన్. ఆవిడ మాత్రం తిరిగొచ్చే డబ్బాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

అపోహ: ఏఐ ఉంది కదా, ఎవరికి చూపించాలో అదే చూసుకుంటుంది.

వాస్తవం: కొంత చూసుకుంటుంది. కానీ ఎండాకాలంలో గూగుల్ యాడ్స్‌లో సెర్చ్ టర్మ్స్ రిపోర్టు (జనం ఏం కొట్టి వెతికితే మన యాడ్ కనిపించిందో చెప్పే లిస్టు) ఒకసారి తెరిచి చూడండి. "ఆవకాయ కొలతలు", "ముక్క మెత్తబడకుండా ఏం చేయాలి", "పచ్చడి జాడీ ధర". వీళ్లంతా ఇంట్లో పెట్టుకునేవాళ్లు. కాయలు కొట్టించి, కారం పట్టించి సిద్ధంగా ఉన్నవాళ్లకి మన డబ్బా యాడ్ చూపించి, క్లిక్కుకి ఇంతని కట్టాం. "కొలతలు", "తయారీ", "జాడీ" లాంటి మాటల్ని నెగెటివ్ కీవర్డ్స్‌లో (ఈ మాట కొడితే యాడ్ చూపించొద్దని చెప్పే లిస్టులో) వేయాలి. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే తెలుగులో ఇంకోసారి. ఒకటి వేస్తే రెండోది దానంతటది ఆగదు.

లొకేషన్ సంగతీ అంతే. విజయవాడ అని పెట్టాం కదా అనుకుంటారు. గూగుల్‌లో ముందే ఎంచి ఉండే ఆప్షన్‌లో ఆ ఊళ్లో ఉన్నవాళ్లతో పాటు ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్లు కూడా వస్తారు. పచ్చళ్లకి పర్లేదు, గుంటూరు అని డాలస్‌లో కూర్చుని కూడా వెతుకుతారు. విజయవాడ పళ్ల డాక్టరుకి డాలస్ క్లిక్కుతో ఏం పని? (సెలవులకొచ్చి పన్ను కట్టించుకుని వెళ్లేవాళ్లు ఉంటారు, నిజమే. వాళ్లకి వేరే క్యాంపెయిన్ పెట్టుకోవాలి.)

మెటాలో ఒక్కో యాడ్ సెట్ (ఒకే రకం జనానికి చూపించే యాడ్ల గుంపు) ఎవరికి చూపించాలో నేర్చుకుని కుదురుకోవాలంటే వారానికి దాదాపు 50 ఫలితాలు రావాలి. రోజుకి 500 రూపాయలు తెచ్చి ఆరు యాడ్ సెట్లకి పంచితే ఏదీ కుదురుకోదు. ఒకటో రెండో చాలు.

అపోహ: మా ఆర్డర్లన్నీ వాట్సాప్‌లో, ఫోన్‌లో. మాకు డేటా కుదరదు.

వాస్తవం: వాట్సాప్ లింకులోనే మెసేజ్ ముందుగా రాసి పెట్టొచ్చు. ఇన్‌స్టా బయోలో ఇచ్చే లింకుకి "నమస్తే, ఇన్‌స్టాలో చూశాను" అని, పాంప్లెట్ మీద క్యూఆర్ కోడ్‌కి ఇంకో వాక్యం. కస్టమర్ పంపితే చాలు, ఎక్కణ్ణుంచి వచ్చారో తెలిసిపోతుంది. బిజినెస్ యాప్‌లో లేబుల్స్ ఉన్నాయి, డెలివరీ అయ్యాక ఆ చాట్‌కి ఒక రంగు తగిలించండి.

ఫోన్ ఆర్డర్లకి ఇదీ అక్కర్లేదు. పచ్చళ్ల దగ్గర ఫోన్లన్నీ ఆవిడే ఎత్తుతుంది. నేను ల్యాప్‌టాప్‌లో ఏ వీడియో బాగా నడుస్తోందో వెతుకుతుంటే, వెల్లుల్లి ఒలుస్తూ అంది: "కరివేపాకు పొడి అడిగేవాళ్లంతా ఆ ఆకుపచ్చ చీర అమ్మాయి వీడియో చూసొస్తున్నారు బాబూ." ఎక్కువ లైకులొచ్చిన వీడియో అది కాదు. అప్పట్నుంచి ఆర్డర్ పుస్తకంలో "ఎక్కడ చూశారు" అని ఇంకో గడి గీయించాను.

అపోహ: పాత డేటా ఎక్కడికి పోతుంది, అక్కడే ఉంటుంది.

వాస్తవం: పోతుంది. వెబ్‌సైటుకి ఎవరొచ్చారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ పాత రూపం, యూనివర్సల్ అనలిటిక్స్, 2023 జూలై 1 నుంచి కొత్త డేటా తీసుకోవడం ఆపేసింది, పాత లెక్కలు దాని కొత్త రూపమైన జీఏ4లోకి వాటంతటవి రాలేదు. జీఏ4లో కూడా ఎక్స్‌ప్లొరేషన్స్‌కి (మనమే తయారుచేసుకునే లోతైన రిపోర్టులకి) వాడే వివరమైన డేటాను దాచే గడువు మొదట 2 నెలలే ఉంటుంది. సెట్టింగ్స్‌లో 14 నెలలకి మార్చుకోవచ్చు, కానీ పోయింది వెనక్కి రాదు. ఆవకాయ అమ్మేవాళ్లకి పోయిన ఏప్రిల్‌తో పోల్చుకోకపోతే ఇంకేం పోల్చుకుంటారు? ఇది చదవడం ఆపి ముందు ఆ సెట్టింగ్ మార్చి రండి.

అపోహ: ఎక్కువ ఫోన్ నంబర్లు కొంటే ఎక్కువ డేటా ఉన్నట్టు.

వాస్తవం: కొన్న లిస్టు మన డేటా కాదు. జనం స్పామ్ అని రిపోర్టు కొడితే షాపు వాట్సాప్ నంబరే పోతుంది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది, అనుమతి లేని నంబర్ల జోలికి పోకండి.

అపోహ: షాపు పేరు మీద యాడ్ ఆపితే కొంపలంటుకుంటాయి.

వాస్తవం: డాష్‌బోర్డులో అన్నిటికంటే లాభంగా కనిపించేది ఈ యాడే, అందుకే ఎవరూ ముట్టుకోరు. షాపు పేరు కొట్టి వెతికేవాళ్లు ఎలాగూ మన దగ్గరికి వస్తున్నవాళ్లే. ఈబే 2012లో యాహూ, ఎంఎస్ఎన్ సెర్చ్‌లలో తన పేరు మీద యాడ్స్ ఆపి చూసింది. యాడ్ మీదుగా రావాల్సిన క్లిక్కులు దాదాపు అన్నీ కిందున్న మామూలు లింకు గుండా వచ్చేశాయి. ఆ పరిశోధన 2015లో ఎకనోమెట్రికా పత్రికలో అచ్చయింది. ఈబే అంటే అందరికీ తెలిసిన పేరు, మన షాపు పేరు మీద పక్కవాడు యాడ్ వేస్తుంటే లెక్క మారొచ్చు. అందుకే ఒక ఊళ్లో రెండు వారాలు ఆపి, పార్సిళ్లు తగ్గాయో లేదో చూడాలి.

ఒంగోల్లో ఆపి చూద్దామన్నాను. కొడుకు సరే అన్నాడు. "మా పుట్టిల్లు అక్కడే బాబూ, వేరే ఊరు చూడు" అంది ఆవిడ. నెల్లూరులో ఆపాం.