సంకేతాలు, శకునాలు, సందేహాలు: కౌన్సెలింగ్ గదిలో ఎదురయ్యే అపోహలు – వాస్తవాలు

నేను కౌన్సెలింగ్ సైకాలజిస్ట్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లే. మొదటి రెండు మూడు సార్లు నిద్ర పట్టడం లేదనీ, ఇల్లు బోసిపోయిందనీ చెప్తారు. ఆ తర్వాత ఒకరోజు తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, "మీకో మాట చెప్పాలి మేడమ్, పిచ్చి అనుకోరుగా?" అంటారు. అసలు విషయం అప్పుడు బయటికొస్తుంది. కలలోకి వచ్చి పేరు పెట్టి పిలిచారనో, సరిగ్గా తలుచుకున్న క్షణానే దీపం రెపరెపలాడిందనో, ఎక్కడ చూసినా ఒకే అంకె కనిపిస్తోందనో.

ఇంకో రకంవాళ్లూ వస్తారు. "అమ్మ ప్రతిదాన్నీ సంకేతం అంటోంది, మీరైనా గట్టిగా చెప్పండి" అంటూ కొడుకో కూతురో ఫోన్ చేస్తారు. వీళ్లు చెప్పే కారణాలు చాలాసార్లు సరైనవే. కానీ ఆ ఇంట్లో తల్లీ బిడ్డల మధ్య మాటలు ఆగిపోయి ఉంటాయి. అపోహలు రెండు వైపులా ఉన్నాయి కాబట్టి రెండు వైపులవీ రాస్తున్నాను. ఇందులో వచ్చే వ్యక్తుల వివరాలు ఎవరినీ గుర్తుపట్టకుండా మార్చాను.

అపోహ: చనిపోయినవాళ్లు కనిపించారు, వినిపించారు అంటే మతి చలించినట్టే.

వాస్తవం: కాదు. ముందుగా దీన్నే చెప్పడానికి కారణం ఉంది. ఈ భయంతోనే చాలామంది నోరు విప్పరు. వేల్స్‌లో డాక్టర్‌గా పనిచేసిన డెవీ రీస్, భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి, 1971లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. వాళ్లలో దాదాపు సగం మందికి ఇలాంటి అనుభవం ఉంది. ఎక్కువమంది చెప్పింది, మనిషి పక్కనే ఉన్నట్టు అనిపించడం. కొందరికి కనిపించారు, కొందరికి గొంతు వినిపించింది, కొద్దిమందికి చేయి తగిలినట్టు అనిపించింది. చాలామంది ఆ సంగతి అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదు.

ముప్ఫై, నలభై ఏళ్లు ఒక మనిషి అడుగుల చప్పుడుకి అలవాటుపడిన మెదడు, ఆ మనిషి పోయిన మర్నాడే ఆ అలవాటును వదులుకోదు. సాయంత్రం ఆరింటికి గేటు చప్పుడు కోసం చెవి ఎదురుచూస్తూనే ఉంటుంది. చిన్న అలికిడి అయినా మిగతాది మెదడే పూరించేస్తుంది. ఇది జబ్బు కాదు. ఈ ఒక్క మాట విని నా ఎదురుగా ఏడ్చేసినవాళ్లు ఉన్నారు. వాళ్లకు కావలసింది అది నిజంగా ఆయనేనా కాదా అన్న తీర్పు కాదు. తమ బుర్ర బాగానే ఉందన్న భరోసా.

అపోహ: ఇంత సరిగ్గా కుదిరిందంటే ఇది కాకతాళీయం అయ్యే అవకాశమే లేదు.

వాస్తవం: కాకతాళీయం అన్న మాటలోనే కథంతా ఉంది. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, అదే క్షణంలో తాటిపండు రాలింది. చూసినవాడికి కాకే రాల్చినట్టు ఉంటుంది. పండు రాలకుండా కాకి వాలిన వందల సార్లను, కాకి లేకుండా పండు రాలిన సందర్భాలను ఎవరూ గుర్తుపెట్టుకోరు.

అరుదైన పొంతనలు ఎంత తరచుగా జరుగుతాయో మన మనసు సరిగా అంచనా వేయలేదు. ఒక గదిలో 23 మంది ఉంటే, వాళ్లలో ఎవరో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి పైనే. వినగానే ఎవరూ నమ్మరు. కానీ 23 మందిని ఇద్దరిద్దరుగా జత కడితే 253 జతలవుతాయి. మనం మన పుట్టినరోజు గురించే ఆలోచిస్తాం, మిగతా జతల్ని లెక్కలోకి తీసుకోం. లిటిల్‌వుడ్ అనే బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త పేరు మీద మరో లెక్క ప్రచారంలో ఉంది. రోజుకు 8 గంటలు మెలకువగా చుట్టూ గమనిస్తూ, సెకనుకు ఒక చిన్న సంఘటన చూస్తామనుకుంటే, 35 రోజుల్లో పది లక్షల సంఘటనలు దాటతాయి. అంటే పది లక్షల్లో ఒకసారి జరిగే వింత, ప్రతి మనిషికీ నెలకోసారి ఎదురవడం మామూలే.

లెక్క కంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఏది సంకేతమో మనం ముందుగా అనుకుని ఉండం. జరిగాక ఎంచుకుంటాం. ఒకామె భర్త కళ్లజోడు పెట్టె మీద సీతాకోకచిలుక వాలింది. అది ఆయన పోయి సరిగ్గా మూడు నెలలు నిండిన రోజు. దాని బదులు పిట్ట వాలినా, ఆయనకిష్టమైన పాట ఎక్కడో వినిపించినా, రెండు నెలలు నిండిన రోజున జరిగినా అదీ సంకేతమే అయ్యేది. అలా లెక్కకు వచ్చేవి వందల కొద్దీ ఉన్నప్పుడు, ఏదో ఒకటి జరగకుండా ఉండటమే కష్టం. ఆమె గురించి మళ్లీ చెప్తాను.

అపోహ: ఫోన్ ఎప్పుడు చూసినా 11:11 ఉంటోంది. ఊరికే అలా కనిపించదు.

వాస్తవం: దీనికి నా దగ్గర వాదన లేదు, ఒక చిన్న నోట్‌బుక్ ఉంది. పరీక్షల టెన్షన్‌లో ఉన్న ఒక అమ్మాయి ఇదే చెప్పింది. ఫోన్‌లో టైమ్ చూసిన ప్రతిసారీ, అంకె ఏదైనా సరే, రాసి తీసుకురమ్మన్నాను. రెండు వారాల తర్వాత పేజీలు నిండిపోయి వచ్చింది. 10:47, 3:26, 8:52... వరసగా అలాంటివే. 11:11 అక్కడక్కడ ఉంది, చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి. మిగతావాటికి సున్నాలు లేవు. ఆ పేజీ వైపు చాలాసేపు చూసి, "మిగతావి నాకు గుర్తే లేవు మేడమ్" అంది.

ఒకసారి గమనించడం మొదలుపెడితే అదే అన్నిచోట్లా కనిపించడాన్ని, భాషా శాస్త్రవేత్త ఆర్నాల్డ్ జ్వికీ 2005లో ఫ్రీక్వెన్సీ ఇల్యూజన్ అన్నారు. కొత్త మాట ఒకటి నేర్చుకున్న వారంలో అది ప్రతి పేపర్లోనూ కనిపించడం మీ అందరికీ అనుభవమే.

అపోహ: ముఖం అంత స్పష్టంగా కనిపిస్తుంటే లేదని ఎలా అంటారు?

వాస్తవం: 1976 జులైలో అమెరికా వ్యోమనౌక వైకింగ్ 1 అంగారకుడి చుట్టూ తిరుగుతూ దాని నేలను తీసిన ఒక ఫొటోలో కళ్లు, ముక్కు, నోరు ఉన్న ముఖం కనిపించింది. 1998లోనూ 2001లోనూ ఇంకా మెరుగైన కెమెరాలతో తీస్తే అది మామూలు గుట్ట. ముఖాల్ని పోల్చుకోవడానికి మెదడులో ప్రత్యేకంగా పనిచేసే భాగం ఉంది. లేని ముఖాన్ని చూసినా దానికి నష్టం లేదు, ఉన్న ముఖాన్ని చూడకపోతేనే ప్రమాదం. అందుకే మబ్బులోనూ గోడ మరకలోనూ ముఖాలే కనిపిస్తాయి.

అపోహ: లోలకం దానంతట అదే ఊగింది. నేను కదపలేదు కాబట్టి ఏదో శక్తి కదిపింది.

వాస్తవం: కదపలేదని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. చాలామంది హేతువాదులు తప్పుచేసేది ఇక్కడే. "నువ్వే కదిపావు" అనగానే ఎదుటి మనిషికి దొంగ అన్నట్టు వినిపిస్తుంది.

నా బల్ల సొరుగులో దారానికి కట్టిన ఉంగరం ఒకటి ఉంటుంది. కాగితం మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీస్తాను. మోచేయి బల్ల మీద ఆనించి, దారాన్ని రెండు వేళ్లతో పట్టుకోమంటాను. "చేయి కదపకండి. ఉంగరం నిలువు గీత వెంట ఊగుతోందని మనసులో అనుకోండి, చాలు." ముందు వణుకుతున్నట్టు ఉంటుంది. కాసేపటికి చాలామంది చేతిలో ఊగడం మొదలవుతుంది. అడ్డగీత అనుకోమంటే ఊపు మెల్లగా దిక్కు మార్చుకుంటుంది. చేయి కదులుతున్నట్టు పట్టుకున్నవాళ్లకు తెలియదు, చూస్తున్న నాకూ కనబడదు. కళ్లు మూసుకోమంటే మాత్రం ఊపు సన్నగిల్లిపోతుంది. కళ్లు తెరిచాక వాళ్ల ముఖంలో కనిపించే ఆశ్చర్యం నాకెప్పుడూ పాతబడలేదు.

ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ 1833లోనే ఈ సంగతి రాశారు. బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్త విలియం కార్పెంటర్ 1852లో దీనికి ఐడియోమోటార్ అని పేరు పెట్టారు. ఆలోచనే, మనకు తెలియకుండా, కండరాన్ని సన్నగా కదిపేస్తుందన్నమాట. ఆ తర్వాతి ఏడాది, ఆత్మలు బల్లలు కదుపుతున్నాయని జనం చెప్పుకుంటున్న రోజుల్లో, మైకేల్ ఫారడే చేతులకూ బల్లకూ మధ్య జారే పొరలు పెట్టి పరీక్షించారు. ముందు కదిలింది చేతులే. అక్కడ కూర్చున్నవాళ్లంతా నిజాయితీపరులే.

అపోహ: ఇవన్నీ తెలివితక్కువవాళ్ల నమ్మకాలు.

వాస్తవం: డార్విన్‌తో పాటు ప్రకృతి వరణాన్ని స్వతంత్రంగా కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ ఆత్మలతో సంభాషణను నమ్మారు. థాలియం మూలకాన్ని కనిపెట్టిన విలియం క్రూక్స్ కూడా అంతే. తెలివికి దీనితో పెద్దగా సంబంధం లేదు. పరిస్థితికి ఉంది. జెన్నిఫర్ విట్సన్, ఆడం గలిన్‌స్కీ 2008లో సైన్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగాల్లో, తమ చేతిలో ఏమీ లేదన్న భావన కలిగించినప్పుడు, అర్థంలేని చుక్కల్లో కూడా మనుషులు ఎక్కువగా ఆకారాలు చూశారు. ఆసుపత్రి వరండాలో మూడు రాత్రులు కూర్చున్నవాళ్లకు ప్రతి చప్పుడులోనూ ఒక కబురు వినిపించడంలో వింతేముంది?

అపోహ: హేతువాదులకు మనసు ఉండదు. కళ్లెదుట జరిగినా ఒప్పుకోరు.

వాస్తవం: అమెరికాలో స్కెప్టిక్ పత్రికను నడిపే మైకేల్ షెర్మర్ 2014లో తన పెళ్లిరోజున జరిగింది స్వయంగా రాశారు. పెళ్లికూతురికి చిన్నప్పుడు పోయిన తాతగారంటే ప్రాణం. ఆయన వాడిన 1978 నాటి ఫిలిప్స్ ట్రాన్సిస్టర్‌ను షెర్మర్ బాగుచేయబోయి, ఎంతకీ పలకక సొరుగులో పడేశారు. పెళ్లిరోజున, తాత ఉంటే బాగుండేదని ఆమె బాధపడుతున్న సమయంలో, లోపలి గదిలోంచి ప్రేమపాట వినిపించింది. వెతికితే ఆ సొరుగులోని ట్రాన్సిస్టరే. మర్నాటికి మళ్లీ మూగబోయింది. జీవితమంతా ఇలాంటివాటికి కారణాలు చెప్పిన మనిషి, తన నమ్మకాలు కదిలిపోయాయని దాచకుండా రాశారు. పాత రేడియోలో వదులైన కనెక్షన్ లాంటి కారణం ఉండి ఉండొచ్చు. అయినా ఆ క్షణం ఆ దంపతులకు విలువైనదే. నిజమైన సందేహి అంటే నాకు ఆయనలా ఉంటాడు. జరిగినదాన్ని జరిగినట్టు చెప్తాడు, కారణం తెలియనంత మాత్రాన ఏదో ఒకటి అంటగట్టడు.

అపోహ: నమ్మితే ఓదార్పే కదా, పోయేదేముంది?

వాస్తవం: సంకేతం ఓదార్పు ఇచ్చినంతవరకు నేను దాని జోలికి వెళ్లను. అది ఆజ్ఞలు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు మాత్రం ఊరుకోను. "ఆయన నాతోనే ఉన్నారు" అనడం వేరు. "మందులు మానెయ్యమన్నారు", "ఆపరేషన్ వద్దని సూచన వచ్చింది", "ఇల్లు అమ్మేయమని కలలో చెప్పారు" అనడం వేరు. ఇలాంటప్పుడు ఒకటే అడుగుతాను: ఈ సంకేతం రాకపోయి ఉంటే మీరేం చేసేవారు? నిర్ణయానికి సరిపడా కారణాలు సంకేతం లేకుండా కూడా ఉండాలి. లేకపోతే ఆగాలి.

సంకేతాలు విప్పి చెప్తామని డబ్బు తీసుకునేవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త. బెర్‌ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్ట్ 1948లో తన క్లాసులో 39 మందికి, ఎవరి వ్యక్తిత్వ వివరణ వాళ్లదే అంటూ కాగితాలిచ్చారు. ఎంత సరిగ్గా ఉందో 5కి మార్కులు వేయమంటే సగటున 4కి పైనే వేశారు. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. "మీలో చెప్పుకోని బాధ ఒకటుంది" అని ఎవరన్నా, బాధలో ఉన్న మనిషికి అది తనకోసమే చెప్పినట్టు ఉంటుంది.

ఇంకొక గీత ఉంది. టీవీలో మనిషి నాతోనే మాట్లాడుతున్నాడు, వెళ్లే కార్ల నంబర్లన్నీ నాకే సందేశాలు, నిద్ర అక్కర్లేదు, గొంతులు ఫలానా పని చెయ్యమంటున్నాయి. ఇలా రోజురోజుకూ పెరుగుతూ భయపెడుతుంటే వాదించొద్దు, వెక్కిరించొద్దు, ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇది వైద్యంతో తగ్గేది.

అపోహ: అసలు కారణం చెప్పేస్తే చాలు, నమ్మకం దానంతట అదే పోతుంది.

వాస్తవం: సీతాకోకచిలుక వాలిందని చెప్పినామె సంగతి ఇది. వాళ్లబ్బాయి ఆ రోజే చెప్పాడు: "కిటికీ తీసి ఉంది, లోపలికి వచ్చింది, అంతే కదమ్మా." అతను చెప్పింది అక్షరాలా నిజం. ఆ తర్వాత కొన్ని వారాలు ఆమె కొడుకు దగ్గర తండ్రి ప్రస్తావనే తేలేదు.

ఒకసారి ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాను. ఆయనకు సీతాకోకచిలుకలంటే ఇష్టమా అని అడిగాను. "అబ్బే, ఆయన వాటి వంకైనా చూసేవారు కాదు" అంది. మరి ఆ గదిలో ఆయనకు ఏది ఇష్టం అంటే, కిటికీ అంది. పొద్దున లేవగానే మొదట తెరిచేది ఆయనే. పోయిన రోజు మూసింది, మళ్లీ తీయబుద్ధి కాలేదు. ఆ మూడో నెల రోజునే మొదటిసారి తీసింది.

అబ్బాయి కుర్చీ అమ్మ వైపు తిప్పుకున్నాడు. "ఆ రోజెందుకు తీశావమ్మా?" అని అడిగాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది.