కుక్క చెప్పలేదు, మీరైనా చెప్పండి: కొన్ని అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో కుక్కలకు, పిల్లులకు వైద్యం చేస్తుంటాను. మందుకు లొంగని జబ్బుల కన్నా, డాక్టరుకు చెప్పని విషయాల వల్ల చెయ్యి దాటిపోయిన కేసులే నన్ను ఎక్కువ బాధపెడతాయి. ఆ చెప్పడానికి అడ్డుపడే అపోహలు ఇవీ.

అపోహ: ఇంట్లో ఉన్న మాత్ర వేశామంటే డాక్టరు తిడతాడు.

మా దగ్గర అన్నిటికన్నా ఎక్కువగా దాచేది ఇదే. కుక్క కుంటితే డైక్లోఫెనాక్, ఒళ్లు వేడిగా ఉంటే పారాసిటమాల్ వేసేస్తారు. "ఏమైనా మందు వేశారా అమ్మా?" అంటే "లేదు సార్" అంటారు. అది నమ్మి నేను నొప్పికి ఇంకో ఇంజెక్షన్ చేస్తే, రెండూ కలిసి కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. అసలు మనుషుల డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు వాటంతట అవే కుక్కకు ప్రమాదం. వేసి ఉంటే ఆ స్ట్రిప్ పట్టుకురండి, ఎప్పుడు ఎన్ని వేశారో చెప్పండి. ఇంకో మాట. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. చేత్తో పట్టి చూసి జ్వరం అనుకోవద్దు.

తిండి సంగతీ అంతే. మన ఊళ్లో తిరుమల లడ్డూ ఇంట్లో ఎప్పుడూ ఉండేదే. ప్రేమ కొద్దీ కుక్కకూ ఓ ముక్క పెడతారు. అందులోని ఎండుద్రాక్ష కొన్ని కుక్కల కిడ్నీలను పాడు చేస్తుంది. ఏ కుక్కకు ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం. ప్రసాదం పెట్టామని చెబితే బాగుండదేమో అని మొహమాటపడకండి. తిన్న గంట, రెండు గంటల్లో తీసుకొస్తే వాంతి చేయించి బయటికి తీసేయొచ్చు. మర్నాడు వస్తే ఆ అవకాశం ఉండదు.

అపోహ: రక్త పరీక్షలు డబ్బుల కోసం రాసేవే.

పిడుదులతో వచ్చే జ్వరమే తీసుకోండి. కుక్క డల్‌గా ఉంటుంది, అన్నం ముట్టదు, చిగుళ్లు పాలిపోతాయి. అది ఎర్లీషియా కావొచ్చు, బబేసియా కావొచ్చు; రెండూ పిడుదులు కుట్టడం వల్ల రక్తంలోకి చేరే జబ్బులే. మొదటిదానికి డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు వాడాలి. రెండోదానికి ఆ మందు ఒక్కటే చాలదు. పైకి చూసి ఏదో తేల్చలేం, రక్తం చూడాల్సిందే. ఇక నాలుగైదు రోజులకు తోక ఊపుతూ అన్నం తినగానే మాత్రలు ఆపేసేవాళ్లు చాలామంది. జబ్బు తిరగబెడితే "ఆ డాక్టరు మందు పనిచేయలేదు" అంటారు.

చేతిలో డబ్బు తక్కువుంటే "సార్, ఇప్పటికి ఇంతే పెట్టుకోగలం" అని మొదట్లోనే చెప్పండి. ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు. ఏ పరీక్ష ఈ రోజే చేయాలో, ఏది నాలుగు రోజులు ఆగుతుందో కూర్చుని మాట్లాడుకుందాం. చెప్పకుండా రావడం మానేస్తేనే కుక్కకు నష్టం.

అపోహ: కరుస్తుందని చెబితే డాక్టరు ముట్టుకోడు.

చెప్పకపోతేనే ఇబ్బంది. ముందే తెలిస్తే మజిల్ (కరవకుండా మూతికి తొడిగే తొడుగు) వేస్తాం. లేదంటే బ్యాండేజీ గుడ్డతో మూతి చుట్టూ ఒక చుట్టు చుట్టి, గడ్డం కింద మెలేసి, చెవుల వెనక ముడి వేస్తాం. నిమిషంలో పని అయిపోతుంది. ఆయాసపడే కుక్కకు, వాంతులు చేసుకునేదానికి, పగ్ లాంటి పొట్టి మూతి కుక్కలకు మాత్రం అలా కట్టం.

అపోహ: జబ్బు చేస్తేనే ఆసుపత్రికి.

కుక్కపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాలప్పుడు టీకాలు మొదలవుతాయి. అప్పటి నుంచే డాక్టరు చెయ్యి అలవాటైతే పెద్దయ్యాక బల్ల ఎక్కించడానికి నలుగురు పట్టుకోనక్కర్లేదు. ఊరికే బరువు చూపించడానికి వచ్చినా సంతోషమే.

అపోహ: ఇంకో డాక్టరుకు చూపిస్తే మొదటాయనకు కోపం.

నాకు అందని కేసులను నేనే మన పశువైద్య కళాశాల ఆసుపత్రికి పంపుతుంటాను. 1955లో పెట్టిన కళాశాల అది. కావాలంటే మీరే వెళ్లండి, కానీ పాత చీటీలు, రిపోర్టులు వెంట తీసుకెళ్లండి. అవి లేకపోతే అక్కడి డాక్టరు మళ్లీ మొదటికి రావాలి.

అపోహ: వాట్సాప్‌లో ఫోటో పెడితే మందు చెప్పేయొచ్చు.

ఫోటోలో చిగుళ్ల రంగు సరిగా తెలియదు, పొట్ట నొక్కి చూడలేను. వీడియో మాత్రం చాలాసార్లు పనికొస్తుంది, ముఖ్యంగా ఫిట్స్ వచ్చినప్పుడు. ఆసుపత్రికి వచ్చేసరికి కుక్క మామూలుగా ఉంటుంది కదా. ఫిట్స్ వస్తున్నప్పుడు దాని నోట్లో చెయ్యి పెట్టకండి, నీళ్లు పోయకండి. చుట్టూ తగిలే వస్తువులు జరిపి వీడియో తీయండి, టైము చూసుకోండి. ఐదు నిమిషాలు దాటితే మాత్రం వీడియో ఆపేసి, ఫోన్ చేసి, వెంటనే బయల్దేరండి.