నాగజెముడు మీది తెల్ల పురుగు: మద్రాసు కొచినీల్ వెనక కథ

నాగజెముడు మట్టల మీద దూదిపింజల్లా అంటుకుని కనిపించేది బూజు కాదు, పురుగు. చూపుకు పిండినల్లిలా ఉంటుంది. వేలితో నలిపితే చిక్కటి ఎర్ర రసం వస్తుంది. లిప్‌స్టిక్‌లో, మిఠాయిల్లో వాడే ఎర్ర రంగు కార్మైన్ ఇలాంటి పురుగు నుంచే తీస్తారు కదా, మన గట్ల మీద దొరికేదాన్ని వదులుకోవడం ఎందుకని అడిగేవాళ్ళున్నారు. ఈస్టిండియా కంపెనీ కూడా 1780ల్లో ఇదే లెక్క వేసింది.

అప్పట్లో కొచినీల్, అంటే ఈ ఎర్ర రంగిచ్చే పురుగు, స్పెయిన్ గుప్పిట్లో ఉండేది. మెక్సికో నుంచి వెండి తర్వాత ఎక్కువ విలువ చేసే ఎగుమతి అదే. అక్కడి ఓహాకా ప్రాంతపు రైతులు నోపాల్ జెముడు మీద దాన్ని పెంచేవాళ్ళు. అది అడవిలో ఏరుకొచ్చే సరుకు కాదు, తరతరాలుగా ఏరి పెంచిన జాతి. ఒకరకంగా పాడి పశువు లాంటిది. కడుపుతో ఉన్న తల్లి పురుగుల్ని చిన్న గూళ్ళలో పెట్టి మట్టలకు తగిలిస్తారు. పిల్లలు పాకి, మట్టకు ముట్టె గుచ్చి అక్కడే ఉండిపోతాయి. సుమారు మూడు నెలలకు, గుడ్లు పెట్టబోయే ముందు, కుంచెతో దులిపి వేడినీళ్ళలోనో ఎండలోనో చంపి ఆరబెడతారు. ఎండితే మూడో వంతు బరువే మిగులుతుంది. కిలోకు దాదాపు లక్షన్నర పురుగులు కావాలి. అందులో ఐదో వంతు దాకా ఎర్ర రంగునిచ్చే కార్మినిక్ ఆమ్లం. పెద్ద వాన పడితే పంట రాలిపోతుంది.

మద్రాసులో ఫిజీషియన్ జనరల్‌గా ఉన్న జేమ్స్ ఆండర్సన్ 1786లో ఒక గడ్డి మీద ఎర్ర పురుగుల్ని చూసి, కొచినీల్ అనుకుని లండన్‌లోని వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్‌కు వరుసగా ఉత్తరాలు రాశాడు. అది కొచినీల్ కాదని తేలింది. అయినా సైదాపేట దగ్గర నోపాల్ తోట మాత్రం లేచింది. తోట ఉంది, పురుగు లేదు!

1795లో కెప్టెన్ నీల్సన్ రియో డి జనీరో నుంచి పురుగులున్న మట్టల్ని కలకత్తా చేర్చాడు. అక్కణ్ణుంచి మద్రాసుకు వచ్చాయి. వచ్చింది అసలు జాతి డాక్టిలోపియస్ కోకస్ కాదు, అడవి జాతి సిలోనికస్. కోకస్ ఒంటి మీద పలచటి పొడి మాత్రమే ఉంటుంది. అడవి జాతులకు దూదిలాంటి మైనపు పోగులుంటాయి. పురుగు చిన్నది, రంగు తక్కువ, తూకంలో మైనం ఎక్కువ. పైగా అది అప్పటికే కంచెలుగా పెరుగుతున్న మరో రకం జెముడు, ఒపన్షియా మోనకాంత మీద పడి, ఆ కంచెల్నే ఎండబెట్టేసింది. రంగుగా ఓడిన పురుగు కలుపు మందుగా గెలిచింది. 1860ల్లో శ్రీలంకకు కావాలనే తీసుకెళ్ళారు. మన నాగజెముడును మాత్రం సిలోనికస్ ముట్టలేదు. దానికోసం 1926లో మరో అడవి జాతి, డాక్టిలోపియస్ ఒపన్షియే, తెప్పించాల్సి వచ్చింది. ఏ జెముడుకు ఆ పురుగే, ఆ జత కుదరకపోతే రంగూ లేదు, కలుపు నివారణా లేదు.

మన అద్దకపువాళ్ళకు కొచినీల్ పెద్దగా పట్టకపోవడానికి వేరే కారణం ఉంది. అది ఉన్ని, పట్టు రంగు. ఉన్నికి బరువులో 15 శాతం పటిక పట్టించి, 5 నుంచి 10 శాతం పురుగు పొడితో గంటసేపు మరగనివ్వకుండా కాస్తే మంచి కెంపు వస్తుంది. తగరపు లవణం వేస్తే నిప్పు ఎరుపు. ఇనుప గిన్నె వాడితే ఊదా, బూడిద రంగులోకి తిరిగి చెడుతుంది. నూలు మాత్రం దీన్ని సరిగా పట్టుకోదు. మచిలీపట్నం కలంకారీకి ఎర్ర రంగిచ్చే చిరివేరు, కరక్కాయ, పటిక ఉండగా దీని అవసరం లేదు. 1868లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబ్, లీబర్మన్ చిరివేరులో ఉండే రంగు పదార్థం అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశాక చిరివేరుకూ గడ్డుకాలం వచ్చింది.

కొచినీల్ ఇప్పుడు ఎక్కువగా పెరూ నుంచి వస్తుంది. దాన్ని ఇక్కడ పెంచాలంటే కోకస్ పురుగూ, దానికి నచ్చే ముళ్ళులేని జెముడూ రెండూ కావాలి. మెట్ట భూముల్లో పశుగ్రాసంగా వేయమంటున్నది ఆ ముళ్ళులేని జెముడునే. మన గట్ల మీది ఒపన్షియే జాతి పురుగుకు కూడా అది ఇష్టమైన తిండే. మొరాకోలో 2014 నుంచి అదే పురుగు జెముడు తోటల్ని తుడిచిపెట్టింది.